దుప్పటి పాసైంది, మబ్బు ఫెయిలైంది

ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫ్యాను కాస్త తగ్గించండి, దానితో పోటీపడి అరవడం నా వల్ల కాదు. చెప్పబోయేది పొగ కథ, మబ్బు కథ. పొగలూ మబ్బులూ మనకెందుకు అంటారేమో, మీ ఒంటి మీది చొక్కా కథ కూడా ఇదే. వినండి.

మా తోటికోడలిని ఊరంతా గంజి పిన్ని అంటారు. లాండ్రీ ఆవిడది. మా మరిది పేరు బోర్డు మీద ఉంటుంది, ఆయన మాట మాత్రం కొట్టులో ఎక్కడా ఉండదు. పిన్ని గంజి పెట్టిన చొక్కా నేలమీద పెడితే మనిషి లేకుండానే నిలబడుతుంది. ఆవిడ మాటా అంతే, ఒకసారి అందంటే వంగదు. అందుకే ఆ పేరు. నాది ఆ కొట్టులో మడతల పని. బల్ల ముందు కూర్చుని ఆసుపత్రి దుప్పట్లు మడతపెడుతూ వచ్చేపోయేవాళ్ళ మాటలన్నీ చెవిలో వేసుకునేదాన్ని. మడతకి చేతులు చాలు, చెవులు ఖాళీయే కదా.

మా ఊరు రెండు కొండల మధ్య పల్లంలో ఉంది. కొండ అవతల సముద్రం. అక్కడి మబ్బులు కొండెక్కి దిగేటప్పుడు అలిసిపోయి మా నెత్తిన కాస్త బరువు దించుకుని పోయేవి. కుండపోత వానలు కావు. జల్లెడ పట్టినట్టు సన్నజల్లు, రోజూ ఇంత. ఆ జల్లంతా డాబా మీద నుంచి గొట్టంలోకి, గొట్టంలోంచి తొట్టిలోకి. ఆ తొట్టే మా లాండ్రీకి ప్రాణం. ఎందుకంటే మా బోరు నీళ్ళలో సబ్బు విరిగిపోతుంది. ఎంత రుద్దినా నురగ రాదు. బట్ట మీద బూడిదరంగు మచ్చలు పడతాయి, ఆరాక అట్టలా బిగుసుకుంటుంది. వాననీళ్ళుంటే లాండ్రీ ఉంది, లేకపోతే లేదు.

ఊరి చివర గాజు సీసాల ఫ్యాక్టరీ. దాని యజమానిని సీసాల ఆసామి అనేవాళ్ళం. బొగ్గు కొలిమి, పొట్టి పొగగొట్టాలు. గాలి ఇటు తిరిగిందంటే ఆరేసిన దుప్పట్ల మీద నల్లటి మసి రాలేది. ఒకరోజు ఆసుపత్రి నర్సు వచ్చి, "పిన్నీ, రోగుల్ని మీ దుప్పట్ల మీద పడుకోబెడితే, లేచేసరికి ఇంకో రోగం వచ్చినట్టు కనపడుతున్నారు" అంది. పిన్నికి తల కొట్టేసినట్టయింది. ఆ దుప్పట్లన్నీ మూటకట్టి నన్ను వెంటేసుకుని ఫ్యాక్టరీకి నడిచింది.

"ఏమిటమ్మా మూట?" అన్నాడు ఆసామి.

"మీ వస్తువే బాబూ. మా డాబా మీద పారేసుకున్నారు. ఇచ్చిపోదామని వచ్చాను."

మూట విప్పింది. బల్ల మీద గాజు సీసాలు మెరుస్తున్నాయి, పక్కన నల్లచుక్కల దుప్పట్లు. గాలి ఆఫీసరు కూడా అక్కడే కాఫీ తాగుతున్నాడు. ఊళ్ళో గాలి బాగుందో లేదో చూసి కాగితమివ్వడం ఆయన ఉద్యోగం. ఆ కాగితం ఉంటేనే ఫ్యాక్టరీ నడవాలి.

"మీ దగ్గర యంత్రముందటగా, కొలవరేం?" అంది పిన్ని ఆయనతో.

"యంత్రం మరమ్మతులో ఉందమ్మా."

"ఎప్పట్నించి?"

"నేను ఈ ఊరు రాకముందు నుంచి."

ఆసామి తెలివైనవాడు. ఉతికేవాళ్ళతో గొడవ పెట్టుకుంటే తన చొక్కాలకే ముప్పని తెలుసు. పొగగొట్టాలు ఎత్తు పెంచుతానన్నాడు, మసిని పట్టే గుడ్డ సంచులు తెప్పించి బిగిస్తానన్నాడు. మరి బాగుపడిందో లేదో తేల్చడం ఎలా? అప్పుడు మా పిన్ని ఒక మాట అంది. ఆ మాట అనకపోయుంటే ఈ కథే లేదు.

"దానికి యంత్రమెందుకండీ? నా దుప్పటి ఒకటి తడిపి మీ ప్రహరీగోడ మీద పొద్దున్నే ఆరేస్తాను. సాయంత్రానికి తెల్లగా ఉంటే పొగ మంచిది. మచ్చపడితే చెడ్డది."

ఆఫీసరు కాఫీ కప్పు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. యంత్రం మరమ్మతు చేయించే బాధ తప్పిందని ఆ మొహంలో వెలుగు చూడాలి! "అద్భుతమమ్మా! దుప్పటికి కరెంటు అక్కర్లేదు, రిపేరు అక్కర్లేదు" అన్నాడు. అలా మా ఊళ్ళో దుప్పటి పరీక్ష మొదలైంది. వారానికోసారి పిన్ని గర్వంగా వెళ్ళి దుప్పటి ఆరేసేది. సాయంత్రం ఆఫీసరు దాన్ని ముందు, వెనక, వెలుగుకి పట్టి చూసి, పాసైందని ముద్ర కొట్టేవాడు. ఇంకే ఊళ్ళో వింటారండీ, దుప్పటికి పరీక్షలు, పాసు మార్కులు!

నిజం చెప్పాలంటే, పాసైంది కూడా. సంచులు బిగించాక మసి ఆగిపోయింది. ఎత్తు పెరిగిన పొగగొట్టాల్లోంచి ఏమీ వస్తున్నట్టే కనిపించేది కాదు. ఆసుపత్రి దుప్పట్లు పాలనురగలా ఉండేవి. ఆసామి తన ఫోటో ఒకటి ఫ్రేము కట్టించి పంపాడు. పిన్ని దాన్ని గడియారం పక్కన తగిలించింది. మా మరిది ఫోటో ఆ గోడ మీద ఎప్పుడూ లేదు లెండి.

ఆ తర్వాత మబ్బుల తీరు మారింది.

అబ్బ, ఏం మబ్బులండీ అవి! ఏకినదూది అంత తెలుపు. చూస్తే కళ్ళు చెదిరేవి. ఇదివరకటి మబ్బులు ఉతకని గోనెపట్టాల్లా మాసిపోయి వచ్చేవి, వచ్చి జల్లు కొట్టి పోయేవి. ఇవి పెళ్ళికొచ్చిన పెద్దమనుషుల్లా తళతళలాడుతూ వచ్చి, కాసేపు అందరికీ కనబడి, చేతికి తడి అంటకుండా అవతలి కొండ దాటిపోయేవి. జనం మేడలెక్కి ఫోటోలు తీసుకునేవాళ్ళు. "మన ఆకాశం ఎంత శుభ్రపడిందో!" అని మురిసిపోయేవాళ్ళు.

తొట్టిలో నీళ్ళు మాత్రం దిగిపోతున్నాయి.

పిన్ని ముందు గొట్టాన్ని తిట్టింది. తర్వాత గొట్టంలో గూడుపెట్టిన పిచ్చుకని తిట్టింది. ఆ రెండూ నిర్దోషులని తేలాక ఇక మిగిలింది మా మరిది. "రోజూ డాబా ఎక్కి ఏం చేస్తారు మీరు?" అని నిలదీసింది. "మబ్బులు చూస్తున్నానే" అన్నాడు పాపం. "మీరు చూసిన వస్తువేదైనా పనిచేసిందా ఇంతవరకు?" అంది.

మా మనవరాలు, అంటే నా పెద్దకొడుకు కూతురు, కొండ మీద మబ్బుల కేంద్రంలో పనిచేసేది. మబ్బు కొండని రాసుకుంటూ పోయేటప్పుడు దాన్ని గొట్టంలోకి పీల్చి, చుక్కలెంత లావున్నాయో, ఎన్ని ఉన్నాయో చూడటం దాని పని. ఇంట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో దానికి తెలియదు గానీ, మబ్బు కడుపులో ఏముందో చెప్పేది. ఓ ఆదివారం బట్టల మూట తెచ్చి బల్ల మీద పడేసింది.

"చిన్ననానమ్మా, ఇవి ఉతికిపెట్టవూ?"

"నీళ్ళేవే తల్లీ? మీ కేంద్రంలో ఇన్ని మబ్బులు పట్టుకుంటారుగా, ఒకటి పిండి తీసుకురా."

"పిండినా రాలదు. చుక్కలు మరీ చిన్నవైపోయాయి."

"అవేం రోగమే వాటికి?"

మనవరాలు మూట మీదే చతికిలబడింది. "చూడు. గాలిలో ఆవిరి ఉంటుంది. అది చుక్క కావాలంటే కూర్చోడానికి పీట కావాలి. దుమ్మురేణువే ఆ పీట. రేణువు లేనిదే మబ్బు చుక్క పుట్టదు. కొద్ది పీటలే వేశామనుకో, ఆవిరంతా వాటి మీదే పేరుకుని లావు చుక్కలవుతాయి. అవి ఒకదాన్నొకటి గుద్దుకుని, కలిసి, బరువెక్కి కింద పడతాయి. అదే జల్లు. పీటలు మరీ ఎక్కువేశామనుకో?"

"ఏమవుతుంది?"

"ఉన్న కూడు ఊరంతటికీ పంచినట్టే. ఒక్కరికీ కడుపు నిండదు. చుక్కలు లెక్కలేనన్ని, అన్నీ బక్కచిక్కినవే. పడే బరువు లేక గాలిలో తేలుతూ పోతాయి. బక్కచుక్కలు గుంపుగా ఉంటే ఎండని ఎక్కువగా వెనక్కి కొడతాయి, అందుకే మబ్బు అంత తెల్లగా కనపడుతోంది."

పిన్ని ఇస్త్రీపెట్టె ఆపింది. "ఇన్ని పీటలు వేసిందెవరట?"

మనవరాలు గడియారం పక్కనున్న ఫోటో వంక చూసింది.

"ఛీ, నోరుమూసుకో! నా దుప్పటి పాసైంది! నిన్నగాక మొన్న ముద్ర పడింది!"

"నీ దుప్పటి మీద పడేది లావు మసి, చిన్ననానమ్మా. అది బరువు, అందుకే పడుతుంది. సన్నది పడదు, తేలిపోతుంది. కొలిమిలోంచి గంధకపు ఆవిరి కూడా వస్తుంది. అదసలు సంచికి చిక్కేదే కాదు, బయటికొచ్చాక గాలిలో రేణువులవుతుంది. నువ్వు ఏనుగులు రాకుండా గుమ్మానికి కాపలా పెట్టావు. దోమలు దర్జాగా పోతున్నాయి. గొట్టం ఎత్తు పెంచి వాటిని తిన్నగా మబ్బుల దగ్గరికే పంపుతున్నాం."

"అంతా వాడొక్కడి పాపమేనా?"

"కాదు. లారీలున్నాయి, ఇళ్ళ పొయ్యిలున్నాయి, చెత్త తగలబెట్టేవాళ్ళున్నారు. అన్ని మబ్బులూ ఇలాగే చేస్తాయనీ చెప్పను, పెద్ద ఉరుము మబ్బుల లెక్క వేరు. మన ఊరి మీదికొచ్చే పొట్టి పలచటి మబ్బులకి మాత్రం ఇది పట్టింది. ఫ్యాక్టరీ మీదుగా వచ్చిన మబ్బుకీ, పక్కనుంచి వచ్చినదానికీ తేడా నా కళ్ళతో చూశాను."

పిన్ని ఇస్త్రీ సగంలో వదిలేసింది. అది మా ఇంట్లో భూకంపం కంటే అరుదు. గబగబా డాబా ఎక్కింది. నేనూ మోకాళ్ళు పట్టుకుంటూ ఎక్కాను. తొట్టి అడుగున పాచి ఎండి పెచ్చులు లేచింది. ఓ మూల కాసిని నీళ్ళు. పైన మల్లెపూవులాంటి మబ్బు. పిన్ని దాన్ని చూసి, "తెల్లగా ఉండమని నేనే అడిగానే అక్కా" అంది.

ఇంతలో మనవరాలు ఇదంతా ఆఫీసరుకి చెప్పింది. ఆఫీసరు ఆసామికి చెప్పాడు. ఆసామి అందులో తనకి పనికొచ్చే ముక్క విరుచుకున్నాడు, మామిడిపండు రసం జుర్రుకుని టెంక మనకి విసిరినట్టు. మబ్బులు తెల్లబడ్డాయి, ఎండని వెనక్కి కొడుతున్నాయి, అంటే ఊరు చల్లగా ఉంది. అంటే ఎవరి దయ? వారం తిరక్కుండా నాలుగు రోడ్ల కూడలిలో పెద్ద బోర్డు లేచింది: "ఈ చల్లని నీడ మా ఫ్యాక్టరీ కానుక." కింద ఆయన ఫోటో, వెనక మెరిసే మబ్బు. జనం దాని కింద నిలబడి, "నిజమేనర్రోయ్, ఈ ఏడు ఎండ కాస్త మెత్తగానే ఉంది" అనుకున్నారు. చెమట ఆ పక్కనుంచి కారుతూనే ఉంది.

దుప్పటి పరీక్ష మొదలుపెట్టి ఏడాదయిందని సభ పెట్టారు. పిన్నికి సన్మానం. మనవరాలిని నీడ గురించి నాలుగు మాటలు మాట్లాడమన్నారు. "నీడ వరకే, వాన జోలికొద్దు" అని ఫ్యాక్టరీ మేనేజరు వచ్చి మరీ చెప్పిపోయాడు. సభ నాడే ఫ్యాక్టరీ కాగితం మళ్ళీ రాయాలి, దానికి ఆ సాయంత్రపు దుప్పటే సాక్షి.

సభ ముందురోజు ఆసామి తెల్లబట్టలు ఉతుక్కి వచ్చాయి. తొట్టిలో ఉన్నవి అడుగు నీళ్ళే. ఆసుపత్రి దుప్పట్లు గుట్టగా పడున్నాయి. పిన్ని కాసేపు ఈ గుట్టనీ, కాసేపు ఆ బట్టల్నీ చూసింది.

"తొట్టి నీళ్ళు రోగులకి. ఆసామి బట్టలకి బోరు నీళ్ళు" అంది.

"గంజి పెట్టమన్నాడే" అన్నాను.

"ఎందుకక్కా? ఆ నీళ్ళకి వాటంతటవే బిగుసుకుంటాయి."

బిగుసుకున్నాయి! ఆ చొక్కా మడతపెడుతుంటే అప్పడంలా పటపటలాడింది. చంక దగ్గర బూడిదరంగు వలయం, మెడ దగ్గర ఉప్పు చార. మడత నాదే కాబట్టి చార లోపలికి పోయేలా పెట్టాను. ఆ పాటి పనితనం లేకపోతే ఇన్నేళ్ళు మడతలు పెట్టి ఏం లాభం?

సభలో ఆసామి వేదికెక్కి కూర్చున్నాడు. కూర్చున్నప్పుడు ఒక చప్పుడు, చెయ్యెత్తితే ఒక చప్పుడు. మెడ గోక్కుంటూ మాట్లాడాడు. "కొందరు మా పొగని ఆడిపోసుకుంటున్నారు. మా పొగ లేకపోతే ఈ ఎండకి మాడిపోతారు! మేం ఊరికి గొడుగు పట్టాం!" అని మళ్ళీ గోక్కున్నాడు. చప్పట్లు.

మనవరాలు లేచింది. "గొడుగు మాట అబద్ధం కాదండీ" అంది. ఆసామి మొహం విప్పారింది. "ఈ రేణువులు కొంత వేడిని ఆపుతాయి. అసలు ఆ వేడి ఎక్కడిది? అదే కొలిమిలోంచి వచ్చే బొగ్గుపులుసు వాయువు వేడిని పోనివ్వకుండా దుప్పటిలా కప్పుతుంది. రేణువులు వారంలో రాలిపోతాయి. ఆ వాయువు మన మునిమనవల దాకా ఉంటుంది. ఒక చేత్తో జ్వరం తెప్పించి, రెండో చేత్తో నుదుటిమీద తడిగుడ్డ వేస్తున్నాం. జ్వరం లోపల పెరుగుతూనే ఉంది, గుడ్డ తీసిన రోజు తెలుస్తుంది."

"నీడ వరకే అన్నాం కదమ్మా" అని మేనేజరు మైకు లాగబోయాడు. ఈలోగా ఆఫీసరు తొందరగా, "ఇక దుప్పటి!" అని అరిచాడు.

పిన్ని వేదికెక్కింది. గోడ మీది దుప్పటి తెచ్చి నలుగురికీ కనపడేలా విప్పింది. ఎక్కడా మచ్చ లేదు. చప్పట్లు మోగాయి. ఆఫీసరు ముద్ర తీశాడు.

"ఆగండి బాబూ" అంది పిన్ని. ఆసామి వైపు తిరిగింది. "చొక్కా ఎలా ఉందండీ?"

"ఏమిటో పిన్నీ, పొద్దున్నించీ పొడుచుకుంటోంది. దురద."

"అది వాన లేకపోవడం బాబూ. ఇన్నాళ్ళూ మా తొట్టికి తగిలింది. ఇవాళ మీ ఒంటికి తగిలింది."

ముందు నర్సు నవ్వింది. తర్వాత వెనక వరసలు. నవ్వొక్కసారి మొదలైతే మూత పెట్టడానికి ఏ మేనేజరు తరం?

"నా దుప్పటి అబద్ధమాడలేదు" అంది పిన్ని. "మసి పడిందా అని అడిగాం, పడలేదని చెప్పింది. దానికి అంతవరకే చేతనవును. మబ్బు సంగతి దాన్నడిగితే ఏం చెబుతుంది, గుడ్డముక్క? అడిగిన మందమతిని నేను. ముద్ర కొట్టిన మందమతులు మీరు. ఇవాళ్టితో నా దుప్పటి రాజీనామా చేసింది."

దుప్పటి మడిచి చంకన పెట్టుకుంది. ఆఫీసరు ముద్ర గాలిలోనే ఉండిపోయింది. "మరి పరీక్ష ఎలాగమ్మా?"

"మీ యంత్రానికి మరమ్మతు చేయించండి. ఇన్నాళ్ళు మంచాన ఉన్న మనిషైనా ఈపాటికి లేచి తిరిగేవాడు."

చంకలో దుప్పటితోనే వేదిక దిగి వచ్చేసింది. ఇంటికొచ్చి ఆసామి ఫోటో దించింది. అక్కడ మా మరిది ఫోటో పెడుతుందేమోనని ఆయన ఆశగా నిలబడ్డాడు. క్యాలెండరు తగిలించింది.

దుప్పటి లేకపోతే ముద్ర లేదు, ముద్ర లేకపోతే కాగితం లేదు. యంత్రం చచ్చినట్టు బాగుపడింది, బాగుపడి కొలిచింది. ఆ అంకెలు చూసి ఆఫీసరు కాఫీ మానేశాడట. చివరికి ఫ్యాక్టరీలో పొగని సున్నపు నీళ్ళతో కడిగే బురుజు కట్టక తప్పలేదు. కట్టేటప్పుడు ఆసామి దారిలో కనపడితే పిన్ని ఊరుకుంటుందా?

"రండి బాబూ, మీరూ మా పనిలోకే వచ్చారు. నేను గుడ్డలు ఉతుకుతాను, మీరు పొగ ఉతకండి. ఇంతకీ ఉతికిన మురికినీళ్ళు ఎక్కడ పోస్తారు?"

ఆ ప్రశ్నకి జవాబు ఇంకా వస్తూనే ఉంది.

కథ కంచికి చేరి అందరూ సుఖంగా ఉన్నారని చెబితే అబద్ధమవుతుంది. బురుజు లేచేలోపు తొట్టి పూర్తిగా ఎండింది. కొట్టు మూసి కూర్చున్నాం. ఆసుపత్రివాళ్ళు పక్క ఊరి లాండ్రీకి పోయారు. తర్వాత జల్లు తిరిగొచ్చింది, మునుపంత కాదు. లారీలూ పొయ్యిలూ అలాగే ఉన్నాయిగా. ఇప్పుడు తొట్టి సగానికొస్తుంది. దుప్పట్లూ సగమే వెనక్కొచ్చాయి. మబ్బులు మళ్ళీ మాసిన గోనెపట్టాల్లా వస్తున్నాయి. మధ్యాహ్నం ఎండ మాత్రం మునుపటికంటే చురుక్కుమంటోంది. మనవరాలు చెప్పిన జ్వరం అదే, గుడ్డ తీశాక బయటపడింది. బొగ్గు మానితే తప్ప దిగేది కాదంటుంది. జనమో, "ఆ తెల్లమబ్బులే నయమే, చల్లగా ఉండేవి" అని పిన్ని మొహం మీదే అంటారు. ఆవిడ వాళ్ళ బట్టలకి కాస్త బోరు నీళ్ళు కలుపుతుంది.

ఇక లేవండి, కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి. పోయి ఇది నలుగురికీ చెప్పండి. పొగ కనపడలేదు కాబట్టి పోయిందనేవాళ్ళు మీ వీధిలోనూ ఉంటారు, ముందు వాళ్ళకి చెప్పండి. బురుజులూ గంధకాలూ మర్చిపోయినా ఫరవాలేదు. ఆసామి సభలో గోక్కున్న చొక్కా మాత్రం మర్చిపోకండి. అది చెబితే మిగతాదంతా వాళ్ళే అడుగుతారు.